ఆడవాళ్లకి 'కింద' వచ్చే నల్లమచ్చలు, మెలనోమా: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో పాథాలజిస్టుగా పని చేస్తున్నాను. డాక్టరమ్మ మచ్చలోంచి పరీక్షకని తీసిన ముక్క చిన్న సీసాలో మా ల్యాబ్‌కి వస్తుంది. అది కాన్సరా కాదా అని మైక్రోస్కోపు కింద చూసి చెప్పేది మేమే. రిపోర్టు కోసం వచ్చినవాళ్లు కౌంటర్ దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. పుత్తూరు నుంచి అత్తగారిని తీసుకొచ్చిన కోడలు, పలమనేరు నుంచి ఒంటరిగా బస్సెక్కి వచ్చిన పెద్దావిడ, ఫోన్లో ఏదో చదివి నిద్ర పట్టక వచ్చిన కాలేజీ అమ్మాయి, ఇలా చాలామంది. వాళ్లు అడిగినవాటికి నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేకపోయినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివి తెలుసుకోవడానికి మాత్రమే. మీ మచ్చ ఏమిటన్నది చూసిన డాక్టరే చెప్పాలి.

ఎండ తగలని చోట నల్లమచ్చ ఎందుకు వస్తుంది?

చర్మానికి రంగునిచ్చే కణాలను మెలనోసైట్లు అంటారు. బిడ్డ కడుపులో రూపు కట్టేటప్పుడు వెన్నుపాము తయారయ్యే చోటు పక్కన ఇవి పుట్టి, అక్కణ్ణుంచి ఒళ్లంతా ప్రయాణం చేస్తాయి. ఎక్కువ భాగం చర్మంలో స్థిరపడతాయి. కొన్ని మాత్రం కంట్లోకి, ముక్కు లోపలికి, నోట్లోకి, మలద్వారం దగ్గరికి, యోని లోపలికి కూడా చేరతాయి. కాబట్టి అక్కడ రంగు కణాలు ఉండటం వింతేమీ కాదు.

ఆ కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చే కాన్సరే మెలనోమా. తెల్లవాళ్ల దేశాల్లో చర్మం మీద వచ్చే మెలనోమాకి ఎండ పెద్ద కారణం. నోరు, ముక్కు, యోని లాంటి చోట్ల ఉండే తడి పొరల మీద వచ్చేదానికి ఎండతో పని లేదు. అమెరికా లెక్కల్లో మొత్తం మెలనోమాల్లో ఈ తడి పొరల రకం 1 శాతం చుట్టుపక్కలే ఉంటుంది. అందులో దాదాపు ఐదో వంతు స్త్రీల జననాంగాల్లో వస్తుంది. మనవాళ్లలో మెలనోమాయే తక్కువ. వచ్చినప్పుడు మాత్రం అరికాల్లో, గోరు కింద, తడి పొరల మీద వచ్చే వాటా ఎక్కువగా కనిపిస్తుంది.

సబ్బు మార్చడం వల్లో, ప్యాడ్ల వల్లో, కాపురం వల్లో ఇది రాదు. "నేనేం తప్పు చేశాను మేడమ్" అని అడిగిన ప్రతి ఒక్కరికీ నేను చెప్పే జవాబు ఒకటే. ఏ తప్పూ చేయలేదు.

మచ్చ కనిపించింది. కాన్సర్ అనుకోవాలా?

చాలావరకు కాదు. వంద మంది ఆడవాళ్లని పరీక్ష చేస్తే సుమారు పది పన్నెండు మందికి ఆ చోట ఏదో ఒక నల్లమచ్చ ఉంటుంది. వాళ్లలో మెలనోమా ఉన్నవాళ్లు అత్యంత అరుదు.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది మెలనోసిస్. చదునుగా, చేత్తో తడిమితే తెలియకుండా, గోధుమ రంగు నుంచి కాటుక నలుపు దాకా ఉంటుంది. ఒక్కోసారి అంచులు వంకరటింకరగా, రంగు మచ్చమచ్చలుగా ఉండి చూసిన డాక్టర్‌కే గుబులు పుట్టిస్తుంది. కానీ ముక్క తీసి చూస్తే కింది వరస కణాల్లో రంగు పెరిగి ఉంటుంది, అంతే. ఇది కాన్సర్ కాదు. మామూలు పుట్టుమచ్చలు కూడా అక్కడ ఉండొచ్చు. అమ్మాయిల్లో, యువతుల్లో ఆ చోట వచ్చే కొన్ని పుట్టుమచ్చలు మైక్రోస్కోపు కింద భయపెట్టేలా కనిపిస్తాయి. చిన్న వయసు వాళ్ల ముక్క చూసేటప్పుడు పాథాలజిస్టు ఇది మనసులో పెట్టుకోవాలి. లేకపోతే లేని కాన్సర్‌ని ఉందని రాసే ప్రమాదం ఉంది.

మన దగ్గర ఇంకో కారణం చాలా ఎక్కువ. మందు పడక వచ్చే మచ్చ. ఒళ్లునొప్పులకో జ్వరానికో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ల వేసుకున్న ప్రతిసారీ అదే చోట ఎర్రగా మండి, తగ్గాక ఊదా నలుపు మచ్చ మిగులుతుంది. దీన్ని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. పెదవి మీద, జననాంగం మీద ఇది బాగా వస్తుంది. ఏ బిళ్ల వేసుకున్నప్పుడు వచ్చిందో గుర్తు తెచ్చుకుని డాక్టర్‌కి చెప్తే సగం పని అయిపోయినట్టే. ఆ మందు పేరు ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి.

షుగర్ ఉన్నవాళ్లకి, బరువు ఎక్కువ ఉన్నవాళ్లకి తొడల మడతల్లో మందంగా, మఖ్మల్‌లా నల్లబడటం వేరే సంగతి. దురదకి ఏళ్ల తరబడి గోకడం వల్ల కూడా నల్లబడుతుంది. హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే కాన్సర్ ముందు దశ కూడా ఒక్కోసారి నల్లని బొడిపెల్లా ఉంటుంది. దాన్ని వదిలేయకూడదు.

ఇన్ని రకాలున్నాయి కాబట్టే, ఫోటో చూసి "ఏం కాదులే" అని గానీ "కాన్సరే" అని గానీ చెప్పేవాళ్ల మాట నమ్మొద్దని నేను అనేది.

ఎలాంటి మచ్చని ఆలస్యం చేయకుండా చూపించాలి?

కొత్తగా వచ్చి పెరుగుతున్నది. చదునుగా ఉండి గడ్డగా లేచింది. ఒకవైపు ఒక రంగు, ఇంకోవైపు ఇంకో రంగు ఉన్నది. పుండు పడింది, రక్తం అంటుతున్నది, దురద పెట్టి తగ్గనిది. గజ్జల్లో గట్టి గడ్డ తగిలితే అది కూడా.

వీటన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. ముట్లు ఆగిపోయి ఏడాది దాటిన తర్వాత చీరకి ఒక్క చుక్క రక్తం అంటినా డాక్టర్‌కి చూపించాలి. మెలనోమా ఉన్నవాళ్లలో చాలామంది మొదట చెప్పేది మచ్చ గురించి కాదు, రక్తం గురించో, గడ్డ తగలడం గురించో, వాసనతో నీళ్లలా పోవడం గురించో. మన ఊళ్లలో దీన్ని "వేడి చేసింది" అని మజ్జిగ తాగి, సబ్జా గింజలు నానబెట్టుకుని నెలలు గడిపేస్తారు. మజ్జిగ తాగండి, తప్పు లేదు. డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లండి.

నాకు నల్లగా ఏమీ లేదు, ఎర్రని దుర్మాంసం ఉందన్నారు. అది మెలనోమా అయ్యే అవకాశం ఉందా?

ఉంది. పేరులోనే నలుపు ఉన్నా, కొన్ని మెలనోమాలకి రంగు ఉండదు. గులాబీ రంగులోనో, మాంసం రంగులోనో పాలిప్‌లా వేలాడుతుంటాయి. ఇవి పట్టుకోవడం కష్టం. అందుకే తీసిన ఏ దుర్మాంసాన్నైనా, ఎంత చిన్నదైనా, చెత్తబుట్టలో వేయకుండా ల్యాబ్‌కి పంపించమని అడగండి. అడగడం మీ హక్కు.

ఏ వయసులో వస్తుంది?

ఎక్కువగా 60 దాటినవాళ్లలో. అంతకన్నా చిన్నవాళ్లలో రాదని కాదు గానీ, ఇరవైల్లో ఉన్న అమ్మాయికి అక్కడ మచ్చ ఉందంటే నా మనసు ముందు మామూలు పుట్టుమచ్చ వైపే వెళ్తుంది.

యోని బయట, లోపల, గర్భసంచి ముఖద్వారం: అన్నీ ఒకటేనా?

జబ్బు పేరు ఒకటే, నడక వేరు.

బయటి భాగంలో, అంటే వల్వా మీద వచ్చేదే వీటిలో ఎక్కువ. నాలుగింట మూడు వంతులు ఇక్కడివే. పెద్ద పెదవులు, చిన్న పెదవులు, వాటి పైభాగంలో వస్తుంది. కంటికి కనిపించే చోటు కాబట్టి తొందరగా పట్టుకునే వీలుంది. వల్వా కాన్సర్లలో పొలుసు కణాల కాన్సర్ తర్వాతి స్థానం దీనిదే.

యోని లోపల వచ్చేది అంతకన్నా అరుదు, అంతకన్నా మొండిది. ఎక్కువగా కింది మూడో వంతులో, ముందు గోడ మీద వస్తుంది. స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి చూసేటప్పుడు దాని రెక్క కిందే ముందు గోడ దాగిపోయే అవకాశం ఉంది. అనుభవం ఉన్న డాక్టర్ పరికరాన్ని మెల్లగా తిప్పుతూ నాలుగు వైపులా చూసి బయటికి తీస్తారు. అది కాస్త ఇబ్బందిగా ఉన్నా ఆ అర నిమిషం ఓర్చుకోండి.

గర్భసంచి ముఖద్వారంలో మెలనోమా ఇంకా అరుదు. అక్కడ నీలి నలుపు చుక్క కనిపిస్తే చాలాసార్లు అది బ్లూ నీవస్. హాని లేని మచ్చ. గర్భసంచి వేరే కారణానికి తీసేసినప్పుడు, మేం కోసి చూసేటప్పుడు అనుకోకుండా బయటపడుతుంది. ఆవిడ జీవితాంతం దాంతోనే ఉండి ఉంటుంది, తెలియను కూడా తెలియదు.

స్కానింగ్‌లో చాక్లెట్ సిస్ట్ అన్నారు. అదీ నల్లగానే ఉంటుందట కదా?

దానికీ దీనికీ సంబంధం లేదు. చాక్లెట్ సిస్ట్‌లో ఉండేది పాత రక్తం. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) వల్ల అండాశయంలో చేరి ముదురు రంగుకి తిరుగుతుంది.

మరి డెర్మాయిడ్ గడ్డ? అందులో వెంట్రుకలు, పళ్లు ఉన్నాయన్నారు.

డెర్మాయిడ్ అండాశయంలో వచ్చే గడ్డ. అందులో చర్మం, వెంట్రుకలు, కొవ్వు, ఒక్కోసారి పళ్లు, మెదడు కణజాలం కూడా ఉంటాయి. ఇది చేతబడి కాదు, ఎవరి దిష్టీ కాదు. అండం తయారయ్యే కణంలో శరీరంలోని ఏ భాగంగానైనా మారే శక్తి ఉంటుంది, దాని ఫలితం. చర్మం ఉంది కాబట్టి రంగు కణాలూ ఉంటాయి. కంటి పొరలో ఉండేలాంటి నల్లని కణాలు కూడా కొన్నిట్లో కనిపిస్తాయి. మామూలే.

డెర్మాయిడ్‌లోంచి మెలనోమా పుట్టడం వైద్య పత్రికల్లో ఒక్కొక్క కేసుగా రాసుకునేంత అరుదు. అండాశయంలో మెలనోమా కనిపిస్తే ముందు అనుమానించేది, వేరే చోట పుట్టి ఇక్కడికి చేరిందా అని. అందుకే రిపోర్టు వచ్చాక డాక్టర్ మీ అరికాళ్లు, గోళ్లు, కళ్లు, ముక్కు లోపల, తల మీద చర్మం కూడా చూస్తారు. ఎన్నో ఏళ్ల క్రితం తీయించుకున్న పుట్టుమచ్చ గురించి కూడా అడుగుతారు. కొండ మీద తలనీలాలు ఇచ్చినప్పుడు ఎవరైనా మీ తల మీద నల్లమచ్చ ఉందని చెప్పి ఉంటే, అది కూడా చెప్పండి. మామూలు రోజుల్లో జుట్టు చాటున అది ఎవరికీ కనిపించదు.

పాప్ స్మియర్ చేయించుకుంటే తెలుస్తుందా? హెచ్‌పీవీ టీకా ఆపుతుందా?

పాప్ స్మియర్ గర్భసంచి ముఖద్వారం కాన్సర్ కోసం. మెలనోమా కోసం కాదు. టీకా హెచ్‌పీవీ వల్ల వచ్చే కాన్సర్లకి. రెండూ చేయించుకోవాల్సినవే, కాకపోతే ఈ జబ్బుకి అవి కాపలా కావు. స్మియర్ తీసేటప్పుడు డాక్టర్ కళ్లతో చూస్తారు కదా, ఆ చూపు వల్ల మాత్రం లాభం ఉంటుంది.

నాకు నేను చూసుకోవచ్చా?

చూసుకోవాలి. స్నానం అయ్యాక, తలుపు గడియ పెట్టుకుని, చేతి అద్దం పట్టుకుని మంచి వెలుగులో కూర్చుని చూసుకోండి. నెలకోసారి చాలు. మొదటిసారి అంతా కొత్తగానే కనిపిస్తుంది. ఏది మామూలో తెలిస్తేనే ఏది కొత్తగా వచ్చిందో తెలుస్తుంది. వంగలేని పెద్దవాళ్లకి స్నానం చేయించే కూతురో కోడలో ఒక్కసారి చూసి చెప్పినా చాలు. "అమ్మా, ఇక్కడ నల్లగా ఉంది, ఎప్పటి నుంచి?" అని మామూలుగా అడగండి. అరికాల్లో ఆనె గురించి అడిగినంత మామూలుగా.

ముక్క తీస్తే కాన్సర్ పాకిపోతుందట కదా?

పాకదు. కౌంటర్ దగ్గర నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. "కత్తి తగిలింది, అప్పటి నుంచి పాకింది" అని చెప్పుకునే కథలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. అవి ఎలా పుడతాయంటే, జబ్బు ముదిరాక ఆసుపత్రికి వెళ్తారు, ముక్క తీస్తారు, అప్పుడు బయటపడుతుంది. అప్పటికే పాకి ఉన్న జబ్బుకి ముక్క పరీక్ష మీద నింద పడుతుంది.

పాకేది ఎప్పుడంటే, ముక్క తీయకుండా నెలలు గడిపినప్పుడు.

ఎలా తీస్తారన్నది మాత్రం ముఖ్యం. ఆ చోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిన్న మచ్చ అయితే మొత్తంగా, పెద్దదైతే పంచ్ అనే గుండ్రటి కత్తితో లోతుగా తీస్తారు. పైపైన గీకి తీస్తే జబ్బు ఎంత లోతుకి వెళ్లిందో మేం కొలవలేం. మచ్చ పెద్దదైతే ఒకటి కన్నా ఎక్కువ చోట్ల నుంచి, బాగా ఎత్తుగా లేదా బాగా నల్లగా ఉన్న చోటు నుంచి తప్పకుండా తీయాలి. ముక్కని ఫార్మలిన్‌లో వేసి పంపాలి. సెలైన్‌లో వేసిన ముక్క దారిలోనే చెడిపోతుంది.

లేజర్‌తో కాల్చేస్తామన్నారు. చేయించుకోవచ్చా?

ముక్క పరీక్ష చేయకుండా వద్దు. కాల్చేస్తే మచ్చ పోతుంది, దానితో పాటు అదేమిటో తెలుసుకునే దారీ పోతుంది. కింద కణాలు మిగిలి ఉంటే లోపల్లోపల పెరుగుతాయి. నల్లమచ్చ తగ్గడానికని పసరు పూయడం, యాసిడ్ లాంటి చుక్కలు వేయడం ఇంకా ఘోరం. ఆ పుండు మీద తీసిన ముక్క చూసి తేల్చడం మాకు నరకం.

ముక్క ల్యాబ్‌లోకి వెళ్లాక ఏం జరుగుతుంది? ఎందుకు అన్ని రోజులు?

ముక్కని మైనం దిమ్మలో పోసి, ఆ దిమ్మని కాగితం కన్నా పల్చగా కోసి, గాజు పలక మీద అతికించి, రంగులు వేస్తాం. మెలనోమా అయితే కణాలు పెద్దగా, ఒకదానితో ఒకటి పొంతన లేకుండా, కేంద్రకంలో ఎర్రని చుక్కతో కనిపిస్తాయి. కొన్నిట్లో గోధుమ రంగు పొడి. ఆ పొడే మెలనిన్.

కానీ గోధుమ రంగు పొడి అంతా మెలనిన్ కాదు. పాత రక్తంలోని ఇనుము కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. అప్పుడు పెర్ల్స్ అనే రంగు వేస్తాం. ఇనుము అయితే నీలంగా మారుతుంది. మెలనిన్ అయితే మారదు. ఒక్కోసారి మెలనిన్ ఎంత దట్టంగా ఉంటుందంటే, కణం నల్లటి ముద్దలా ఉండి లోపల ఏముందో కనిపించదు. అప్పుడు పలక మీద పొటాషియం పర్మాంగనేట్ పోసి, తర్వాత ఆక్సాలిక్ యాసిడ్‌తో కడిగి, నలుపుని చెరిపేసి, మళ్లీ రంగు వేసి చూస్తాం. ఆ పలక నలుపు వదిలి కణాలు తేటగా బయటపడే క్షణం, ఇన్నేళ్లయినా నేను కుర్చీ ముందుకు జరుపుకుని చూస్తాను.

ఆ తర్వాత ఇమ్యునో పరీక్షలు. రిపోర్టులో ఎస్-100, హెచ్‌ఎంబీ-45, మెలన్-ఎ, సాక్స్-10 అని కనిపించేవి ఇవే. రంగు కణాల్లో ఉండే ప్రొటీన్లని పట్టుకునే పరీక్షలు. వీటికి మామూలుగా వాడే రంగు గోధుమదే కాబట్టి, మెలనిన్‌తో కలిసిపోకుండా మేం ఎర్ర రంగు వాడుతాం. రంగు లేని మెలనోమాని పట్టిచ్చేవి ఈ పరీక్షలే. ఒక్క హెచ్‌ఎంబీ-45 పాజిటివ్ వచ్చిందని మెలనోమా అనేయడానికి లేదు. గర్భసంచిలో పెకోమా అనే మరో అరుదైన గడ్డకి కూడా అది పాజిటివ్ వస్తుంది. అందుకే నాలుగైదు కలిపి చూస్తాం, అందుకే వారం పది రోజులు. ఆలస్యం అయ్యిందంటే జబ్బు పెద్దదని అర్థం కాదు, టెన్షన్ పడొద్దు.

రిపోర్టులో బ్రెస్లో 3 మిల్లీమీటర్లు అని ఉంది. స్టేజ్ 3 అనా?

కాదు. ఇద్దరు ముగ్గురు ఈ అంకె చూసి కౌంటర్ దగ్గరే కూలబడిపోవడం చూశాను, అందుకే ఇది కాస్త వివరంగా చెప్తాను.

బ్రెస్లో అంటే మందం. పై పొర నుంచి కాన్సర్ కణం ఎంత లోతుకి దిగిందో మిల్లీమీటర్లలో కొలత. 1 లోపు ఉంటే పల్చనిది. 1 నుంచి 2, 2 నుంచి 4, 4 పైన అని విడగొడతారు. మందం పెరిగేకొద్దీ రక్తంలోకి, లింఫ్ గడ్డల్లోకి వెళ్లే అవకాశం పెరుగుతుంది. అది ఒక కొలత మాత్రమే. స్టేజీ అనేది పుండు ఉందా, గజ్జల్లో గడ్డలకి చేరిందా, ఊపిరితిత్తులకో కాలేయానికో వెళ్లిందా అన్నవి కలిపి చెప్పేది. వల్వా మెలనోమాకి చర్మ మెలనోమా పద్ధతినే వాడతారు, మామూలు వల్వా కాన్సర్ పద్ధతిని కాదు.

అల్సరేషన్ అంటే పై పొర చిట్లింది. మైటోసిస్ అంటే విడిపోతున్న కణాలు. మార్జిన్ అంటే కోసిన అంచు. "మార్జిన్ ఫ్రీ" అని ఉంటే అంచులో జబ్బు లేదని. ఈ నాలుగు మాటలు రిపోర్టులో ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే అడిగి రాయించుకోండి.

చికిత్స ఏమిటి? అంతా తీసేస్తారా?

మొదటి మందు ఆపరేషనే. పూర్వం మొత్తం వల్వా, రెండు గజ్జల గడ్డలు తీసేసేవారు. నడవడం కష్టం, కాళ్లు వాచిపోవడం, కూర్చోలేకపోవడం. అంత చేసినా ఆయుష్షు పెరగలేదని తేలింది. ఇప్పుడు మచ్చ చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల ఆరోగ్యమైన చర్మం కలిపి తీస్తారు. మూత్రద్వారం దగ్గరగా ఉంటే అంత దొరకదు, సర్జన్ ఆలోచించి తగ్గించుకుంటారు.

మందం 1 మిల్లీమీటరు దాటితే గజ్జల్లో మొదటి కాపలా గడ్డని వెతికి తీసి చూడటం మంచిది. దీన్ని సెంటినెల్ నోడ్ అంటారు. మచ్చ దగ్గర కొద్దిగా రేడియో పదార్థం, నీలి రంగు ఎక్కించి, అవి మొదట ఏ గడ్డకి చేరాయో చూసి దాన్ని మాత్రమే తీస్తారు. అందులో జబ్బు లేకపోతే మిగతావి ముట్టుకోరు.

గర్భసంచి తీసేయాలా అని అడుగుతారు. వల్వా మీద ఉన్నదానికి అక్కర్లేదు. మన దగ్గర గర్భసంచి తీయడం చాలా తేలికగా చెప్పేస్తారు కాబట్టి, ఎందుకు తీస్తున్నారో అడిగి తెలుసుకోకుండా ఒప్పుకోవద్దు.

కరెంటు పెడతారా? కీమో ఇస్తారా?

యోని లోపల ఉండి పూర్తిగా కోయలేనప్పుడు, గజ్జల్లో ఎక్కువ గడ్డలున్నప్పుడు కరెంటు, అంటే రేడియేషన్, ఉపయోగపడుతుంది. పాత కీమో మందులకి మెలనోమా పెద్దగా లొంగదు.

లెక్క మారింది ఇమ్యునోథెరపీతో. కాన్సర్ కణాలు మన రోగనిరోధక కణాలకి బ్రేకులు వేసి తప్పించుకుంటాయి. ఆ బ్రేకులు తీసే మందులివి. ఇపిలిముమాబ్‌కి 2011లో, పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్‌లకి 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ దారి కనిపెట్టిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకి 2018లో నోబెల్ ఇచ్చారు. తడి పొరల మెలనోమాలో ఇవి చర్మం మీద వచ్చేదానిలో పనిచేసినంత బాగా పనిచేయవు. కలిపి చూసిన ఒక పరిశీలనలో నివోలుమాబ్ ఒక్కటే ఇస్తే 23 శాతం మందికి, దానికి ఇపిలిముమాబ్ కూడా కలిపి ఇస్తే 37 శాతం మందికి గడ్డ తగ్గింది. రెండూ కలిపితే పేగులు, కాలేయం, థైరాయిడ్ మీద దుష్ప్రభావాలూ పెరుగుతాయి. విరేచనాలు మొదలైతే ఇంట్లో బిళ్ల వేసుకుని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

జన్యు పరీక్ష కూడా అడగండి. చర్మ మెలనోమాలో ఎక్కువగా ఉండే బ్రాఫ్ అనే జన్యువు మార్పు ఇక్కడ తక్కువ, కిట్ అనే జన్యువులో మార్పు ఎక్కువ. కిట్ మార్పు ఉంటే ఇమాటినిబ్ అనే బిళ్ల కొందరికి పనిచేస్తుంది. రక్త కాన్సర్‌లో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న బిళ్ల అది, ఇమ్యునోథెరపీ కన్నా చాలా చవక.

బతుకుతారా?

దాచకుండా చెప్తాను. ఇది మొండి జబ్బు. వల్వా మెలనోమాలో ఐదేళ్లు దాటేవాళ్లు సగానికి అటూ ఇటూ ఉంటారు. పల్చగా ఉన్నప్పుడే పట్టుకుంటే అంతకన్నా చాలా మెరుగు. యోని లోపల వచ్చినదానిలో ఐదేళ్లు దాటేది 5 నుంచి 25 శాతం అని రకరకాల పరిశీలనలు చెప్తాయి. ఈ అంకెల్లో చాలావరకు కొత్త మందులు రాకముందువి. మీ అమ్మగారి విషయంలో అంకె ఆవిడ రిపోర్టుని బట్టి ఉంటుంది. గూగుల్‌ని బట్టి ఉండదు.

తిరుపతి, చిత్తూరులో ఎక్కడికి వెళ్లాలి?

మొదట మీకు దగ్గరలో ఉన్న గైనకాలజిస్టు చాలు. ప్రభుత్వంలో అయితే తిరుపతిలో రుయా ఆసుపత్రి పక్కన ప్రసూతి ఆసుపత్రి, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి. మెలనోమా అని తేలాక మాత్రం కాన్సర్ సర్జన్, మందుల డాక్టర్, రేడియేషన్ డాక్టర్ ముగ్గురూ ఉన్న చోటికి వెళ్లాలి. తిరుపతిలోనే ఉన్న స్విమ్స్ ఆసుపత్రిలో ఈ విభాగాలన్నీ ఉన్నాయి. అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల సాయంతో 2022లో మొదలైన స్విక్కార్ కాన్సర్ ఆసుపత్రి ఉంది. చిత్తూరు, పలమనేరు వైపు వాళ్లకి వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గరవుతుంది. చిత్తూరు నుంచి గంట ప్రయాణం.

ఎక్కడికి వెళ్లినా ఒక్క సంగతి. ఇలాంటి అరుదైన జబ్బుని ఏడాదికి ఒకటో రెండో చూసే చోట ఆపరేషన్‌కి తొందరపడకండి. వారం ఆలస్యమైనా నలుగురు డాక్టర్లు కూర్చుని మాట్లాడుకునే చోట మొదలుపెట్టడం మేలు.

మగ డాక్టర్ ఉంటే ఇబ్బందిగా ఉంటుందంటే, లేడీ డాక్టర్ కావాలని ఓపీలోనే చెప్పండి. పరీక్ష చేసేటప్పుడు నర్సో, మీ ఇంటి ఆడమనిషో పక్కన ఉండొచ్చు.

ఖర్చు?

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అదే ఇంతకు ముందు ఆరోగ్యశ్రీ, కార్డు ఉంటే కాన్సర్ ఆపరేషన్లు, రేడియేషన్, కీమో చాలావరకు అందులో వస్తాయి. ఆసుపత్రిలో వైద్య మిత్ర కౌంటర్ ఉంటుంది. చేరక ముందే అక్కడికి వెళ్లి ఏ చికిత్సకి అప్రూవల్ వస్తుందో, ఏది రాదో అడగండి. ఇమ్యునోథెరపీ మందులు ఖరీదైనవి కాబట్టి ప్రత్యేకంగా అడగాలి. స్విమ్స్‌లో పేద రోగులకి టీటీడీ ప్రాణదానం పథకం గురించి కూడా అడగండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకునేవాళ్లు ఒరిజినల్ బిల్లులు పారేయొద్దు. పొలం అమ్మే ముందు ఈ కౌంటర్లన్నీ తిరగండి.

మా ఆయనకి అంటుతుందా? మా అమ్మాయికి వస్తుందా?

అంటదు. ఒకే కంచంలో తిన్నా, కలిసి పడుకున్నా రాదు. తల్లి నుంచి కూతురికి వచ్చే జబ్బుల్లో కూడా దీన్ని లెక్కించరు. కుటుంబంలో ఇంకొకరికి మెలనోమా ఉంటే మాత్రం డాక్టర్‌కి చెప్పండి.

గర్భంతో ఉన్నాను, మచ్చ ఇంకా నల్లబడింది.

గర్భంలో ముఖం మీద మంగు వచ్చినట్టే అక్కడా నల్లబడుతుంది. అంతా సమంగా నల్లబడితే మామూలే. ఒక్క మచ్చ మాత్రమే పెరిగితే, గడ్డ కడితే కాన్పు దాకా ఆగకుండా చూపించండి. ఆ చోట మత్తు ఇచ్చి ముక్క తీయడం బిడ్డకి ప్రమాదం కాదు. తల్లికి మెలనోమా ఉంటే కాన్పు తర్వాత మాయని ల్యాబ్‌కి పంపాలి, ఎందుకంటే అరుదుగా ఇది మాయకి చేరుతుంది.

ఇంకో డాక్టర్‌కి చూపించాలంటే ఏం తీసుకెళ్లాలి?

రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. మైనం దిమ్మలు, అంటే బ్లాకులు, గాజు పలకలు ల్యాబ్‌లో భద్రంగా ఉంటాయి. అవి మీవి. పేషెంటు ఆధార్ నకలు, ఒక అర్జీ ఇస్తే ఇస్తారు. "ఇవ్వం" అంటే సూపరింటెండెంటుని కలవండి. పలకలు పగలకుండా అట్టపెట్టెలో పెట్టి తీసుకెళ్లండి. ఎండలో బండి డిక్కీలో పెట్టకండి, మైనం కరిగిపోతుంది. మన తిరుపతి ఏప్రిల్ ఎండకి అది నిజంగా కరుగుతుంది. రెండో చోట చూశాక బ్లాకులు తిరిగి తీసుకుని ఇంట్లో కాకుండా మొదటి ల్యాబ్‌లోనే అప్పగించండి. రెండేళ్ల తర్వాత జన్యు పరీక్ష కావాలన్నా వాటిలోంచే చేయాలి.

చికిత్స అయిపోయాక ఎన్నాళ్లు తిరగాలి?

మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి అని చాలామంది డాక్టర్లు చెప్తారు. ప్రతిసారీ ఆ చోటు, గజ్జలు, ఒంటి మీద చర్మం అంతా చూడాలి. అవసరాన్ని బట్టి స్కాన్ చేస్తారు. ఐదేళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు కాబట్టి మానేయొద్దు. తేదీని ఇంట్లో గోడ క్యాలెండర్ మీద రాయండి, ఫోన్లో మాత్రమే పెట్టుకోకండి. ఫోన్ మారితే తేదీ పోతుంది.